రసీదు ఎవరి పేర?

"అమ్మా, దీనికి 80జి రసీదు ఇస్తారా?" అని ఆ పెద్దమనిషి అడిగేసరికి నాకు వెంటనే జవాబు తోచలేదు. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో రసీదుల మధ్యే బతికినదాన్ని. అయినా తోచలేదు.

2022 ఉగాదికి తిరువళ్లూరులో మన తెలుగువాళ్లు జరుపుకున్న చిన్న సభ అది. పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు, పచ్చడి పంపకం అయ్యాక, హాలు వెనకగోడకు తగిలించిన నా నీటిరంగుల బొమ్మలు పద్నాలుగింటిని అమ్మకానికి పెట్టారు. ఏర్పాటంతా మా ఆడపడుచు కూతురిది. వచ్చిన సొమ్ము, మా కనకమ్మ సత్రం చుట్టుపక్కల పల్లెలనుంచి కీళ్లజబ్బుకు మందుల కోసం నెలకోసారి చెన్నై పోయివచ్చే వాళ్ల దారిఖర్చుకు. ఆ పెద్దమనిషి తిరుత్తణి కొండ బొమ్మను మూడు వేలిచ్చి తీసుకున్నారు.

బొమ్మ కొన్నందుకు అలాంటి రసీదు రాదు. వస్తువు పుచ్చుకుని డబ్బిస్తే అది కొనుగోలు. ఏమీ పుచ్చుకోకుండా ఇస్తేనే విరాళం. పైగా మాది రిజిస్టరైన సంస్థ కూడా కాదు; ఒక నోటుపుస్తకం, ఒక సేవింగ్స్ ఖాతా, అంతే. ఆ మాటే మర్యాదగా చెప్పాను. "మీరు బొమ్మ కొన్నారు కదండీ, అది విరాళం కిందికి రాదు." ఆయన నా చేతులవైపు ఒకసారి చూసి, చూపు పక్కకు తిప్పుకుని, "బొమ్మదేముందిలే అమ్మా, నేనిచ్చింది మీ కష్టం చూసి కదా" అన్నారు.

మంచి మనిషి. ఆ మాటలో ఎగతాళి లేదు. బొమ్మను చంకలో పెట్టుకుని భోజనాలవైపు వెళ్లిపోయారు. నేను లేచి వెళ్లి, అంతవరకు సరిగా చూడని అట్టముక్కను చదివాను. మా మేనకోడలు గుండ్రటి అక్షరాలతో రాసింది: ఈ చిత్రాలు వేసిన చేతులు ఎనిమిదేళ్లుగా కీళ్లవాతంతో పోరాడుతున్నాయని, మీరిచ్చే ప్రతి రూపాయీ అలాంటి పేదలకే చేరుతుందని. ఆ రోజు మొత్తం 38,500 రూపాయలు వచ్చాయి. పద్నాలుగు బొమ్మలూ అమ్ముడుపోయాయి. అందులో నాలుగు బాగా లేవని నాకు తెలుసు.

జబ్బు గురించి కొంచెం చెప్పక తప్పదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదిది. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తి తన కీళ్లమీదే తిరగబడడం. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచి, ఒక్కొక్క వేలే తెరుచుకుంటూ గంట గడిస్తే గాని కాఫీ గ్లాసు పట్టుకోలేను. వారానికి ఒక్కరోజే వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర ఉంది. మరుసటి రోజంతా నోటికి ఏదీ సహించదు. చావు కాదు, నయమూ కాదు. ఇంట్లో ఉండిపోయిన చుట్టంలాంటిది. బ్యాంకులో నాకు తగిలిన మొదటి దెబ్బ నొప్పి కూడా కాదు, సంతకం. నా సంతకం నా సంతకంతో కలవలేదు. ఖాతాదారుల చెక్కుల మీద సంతకాలు సరిపోలలేదని వందల చెక్కులు వాపసు పంపినదాన్ని, నా చెక్కు మీద నేనే మళ్లీ నమూనా సంతకం ఇచ్చుకోవలసి వచ్చింది.

వేళ్లు కదుపుతూ ఉండమన్నారు గనుక బొమ్మలు మొదలుపెట్టాను. నీటిరంగులే ఎందుకంటే బరువు లేదు. కుంచె ఒత్తి పట్టుకోనక్కర్లేదు; దాని కాడకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి లావు చేసుకుంటే పిడికిలిలో ఇమిడిపోతుంది. ఒక రంగుల పెట్టె, ఒక గ్లాసు నీళ్లు, మందపాటి కాగితం. పని అయ్యాక కడగడానికీ పెద్ద శ్రమ లేదు. కానీ ఇది పొరపాటును క్షమించే విద్య కాదు. ఇందులో తెలుపు అంటే రంగు వేయకుండా వదిలిన కాగితమే. ఒకసారి మరక పడ్డచోట మళ్లీ ఆ తెలుపు రాదు. కొట్టివేత లేని లెడ్జరు. చేయి వణికినచోట వణికినట్టే ఉంటుంది. అందుకని నా బొమ్మల్లో నా జబ్బు కనిపించదని నేను అనలేను. తాటిచెట్టు గీత తిన్నగా ఉండదు. ఆ వంకర చెట్టుదో, నా మణికట్టుదో నాకే తెలియదు.

ఇప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న చెబుతాను. ఆ 38,500 రూపాయలు ఎవరి దానం? బొమ్మ విలువ ఐదువందలనుకుందాం. మూడువేలు ఇచ్చారంటే, మిగతా రెండువేల ఐదువందలు దేనికిచ్చారు? నా వంకర వేళ్లకు. ఆ సొమ్ము నా చేతిమీదుగా పోయింది గనుక ఊళ్లో అందరూ "మేడమ్ దానం చేస్తున్నారు" అంటున్నారు. లెక్కల భాషలో చెప్పాలంటే, ఎవరి ఖాతాకు జమకట్టాలో తెలియని డబ్బును సస్పెన్స్ ఖాతాలో పెడతాం. అక్కడ ఎక్కువకాలం ఉంచకూడదు. ఆడిటర్ వచ్చి అడుగుతాడు.

మా ఊరి పేరే దానం. ఎవరో కనకమ్మ, ఆమె పేర ఒక సత్రం. ఇవాళ ఆ రెండు మాటలూ కలిసి బస్సు బోర్డు మీద ఉన్నాయి. తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి, తిరుపతికి పోయే బాట ఇది. పురట్టాసి నెలలో పసుపుబట్టలు కట్టుకుని చెన్నైనుంచి తిరుమలకు నడిచిపోయేవాళ్లు, ఆడికృత్తికకు కావళ్లెత్తుకుని తిరుత్తణి కొండకు పోయేవాళ్లు ఈ రోడ్డు మీదే కనిపిస్తారు. పందిళ్లు వేసి మజ్జిగ పోసేవాళ్లు, పొట్లాలు పంచేవాళ్లు దారిపొడుగునా ఉంటారు. నడిచేవాడి కాలి బొబ్బలు చూసి మజ్జిగ ఇస్తున్నారా, అతని భక్తి చూసి ఇస్తున్నారా, తమ పుణ్యం కోసం ఇస్తున్నారా అని ఎవరూ అడగరు. తాగినవాడూ అడగడు. గ్లాసు తిరిగిచ్చి నడుస్తాడు.

తిరువళ్లూరు వీరరాఘవస్వామి స్థలపురాణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. శాలిహోత్ర మహర్షి ఏడాదంతా ఉపవాసముండి, పారణకు కాస్త పిండి సిద్ధం చేసుకున్నాడు. ముసలి బ్రాహ్మణుడొకడు వచ్చి ఆకలన్నాడు. సగం పెట్టాడు. చాలదంటే మిగతా సగమూ పెట్టాడు. తిన్న ముసలాయన, పడుకోవడానికి చోటెక్కడ అన్నాడు. "ఎవ్వుళ్" అన్న ఆ ప్రశ్నలోంచే ఆ క్షేత్రానికి పాత పేరు వచ్చిందంటారు. మహర్షి తన పర్ణశాల చూపించాడు, అతిథి శేషశాయిగా పడుకున్నాడు. ఆ స్వామినే వైద్య వీరరాఘవుడని, రోగాలు పోగొట్టే దేవుడని కొలుస్తారు. జబ్బుపడ్డవాళ్లు అమావాస్యకు వెళ్లి అక్కడి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం కలుపుతారు. నేనూ కలిపాను. జబ్బు పోలేదు. అది వేరే సంగతి.

ఈ కథలో నాకు నచ్చింది ఒకటే. మహర్షి పెట్టిన పిండి పూర్తిగా ఆయనదే. ఆయన ఆకలి, ఆయన పిండి, ఆయన గుడిసె. ఖాతా శుభ్రంగా ఉంది. కానీ మా ఊరికి దగ్గరలోనే ఉన్న తిరువాలంగాడుకు పోతే లెక్క చిక్కుపడుతుంది. నటరాజు అయిదు సభల్లో రత్నసభ అది; కారైక్కాల్ అమ్మయార్ చివరికి చేరిన చోటు. అరవైముగ్గురు నాయనార్లలో ఒకరైన ఈ తల్లి అసలు పేరు పునీతవతి. భర్త రెండు మామిడిపళ్లు ఇంటికి పంపాడు. ఆకలితో వచ్చిన శివభక్తుడికి అందులో ఒకటి పెట్టేసింది. భర్త వచ్చి ఒక పండు తిని, బాగుంది, రెండోదీ తెమ్మన్నాడు. ఆమె లోపలికి పోయి శివుణ్ణి తలుచుకుంటే చేతిలో పండు పడింది. భక్తులకది మహిమ. బ్యాంకు మనిషికి అది లెక్కలో లేని మామిడిపండు! ఇంట్లోకి వచ్చినవి రెండు, ఖర్చయినవి మూడు. ఆ తేడా దగ్గరే భర్తకు అనుమానమొచ్చి, తర్వాత భయమొచ్చి, ఆమెను విడిచిపోయాడు.

ఆ పండు ఆమెది కాదు, భర్త పంపింది. అయినా ఆమె దానం తప్పని ఎవరూ అనలేదు. నేనూ అనను. ఆకలిగొన్నవాడు ఎదురుగా ఉంటే పండు ఎవరిదని విచారించడం వెనకటి పని. కాకపోతే ఆమె ఒక పని చేసింది: భర్త అడిగినప్పుడు దాచలేదు, జరిగింది చెప్పింది. తర్వాత అందాన్ని, కండను వద్దని అడిగి, అస్థిపంజరంలాంటి రూపం కోరుకుందట; చూసినవాళ్లు జడుసుకుని పారిపోయేవారట. ఆమె అడిగి తెచ్చుకుంది. నాకు అడక్కుండా వచ్చింది. నన్ను చూసి ఎవరూ పారిపోవడం లేదు, పర్సు తీస్తున్నారు.

దీన్ని వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లున్నారు, తప్పుగా అనడం లేదు. ఒకప్పుడు ఏటా డిసెంబరులో మా శాఖకు ఒక కవరు వచ్చేది. నోటితో, కాలివేళ్లతో బొమ్మలు వేసే చిత్రకారుల గ్రీటింగ్ కార్డులు. ఆ సంఘాన్ని 1956లో ఎరిక్ స్టెగ్మాన్ అనే జర్మన్ చిత్రకారుడు మొదలుపెట్టాడు. చిన్నతనంలో పోలియో వచ్చి చేతులు పడిపోయినవాడు. మాకు దానధర్మాలు వద్దు, మా పని మేం అమ్ముకుంటున్నాం అన్నది వాళ్ల పట్టుదల. మంచి పట్టుదల. కానీ ప్రతి కార్డు వెనకా "నోటితో వేసినది" అని ఉండేది. ఆ మాట తీసేస్తే మా మేనేజరు ఆ కార్డులు కొనేవాడా? నాకు నమ్మకం లేదు. జాలి వద్దంటూనే జాలికి తలుపు ఓరగా తీసిపెట్టారని ఆ రోజుల్లో నేను నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు నవ్వు రాదు.

ఇంకో మనిషి ఉన్నాడు, రాజమండ్రిలో. ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909లో ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చాడు. నీటిరంగులు వేసేవాడు. దామెర్ల రామారావులో చిత్రకారుణ్ణి కనిపెట్టి బొంబాయి జె.జె. స్కూలు దారి పట్టించడంలో ఆయనది పెద్ద చెయ్యి. అడివి బాపిరాజూ ఆయన శిష్యుడే. ఆయనకు చెవుడు ముదిరి 1919లో ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. అక్కడ ఆబింగ్డన్‌లో బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. చూడండి, ఆయన ఇచ్చినదానిలో చెవుడు ఎక్కడా లేదు. తన దగ్గరున్నది ఇచ్చాడు, లేనిదాన్ని చూపించి ఎవరినీ అడగలేదు. రామారావు 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయినా, ఆ ఇచ్చింది రాజమండ్రి గ్యాలరీ గోడలమీద ఇవాళ్టికీ ఉంది.

నేనూ కూల్డ్రేలాగే ఉండాలనుకున్నాను. 2023 ఉగాదికి మేనకోడలితో గట్టిగా చెప్పాను. "అమ్మాయీ, ఆ అట్టముక్క వద్దు. నా పేరూ వద్దు. బొమ్మ, ధర, అంతే."

"అట్లాగైతే పోవు అత్తా" అంది.

"పోకపోతే పోనీ."

ఆ ఏడు బొమ్మలు ముందటికంటే బాగా వచ్చాయి. కనకమ్మ సత్రం కూడలి, తెల్లవారుజామున తిరువాలంగాడు స్టేషను, చెరువు గట్టు మీద తాటిచెట్లు. తొమ్మిది పెట్టాం, నాలుగు పోయాయి. 6,200 రూపాయలు. ఆ నలుగురూ బొమ్మ చూసే కొన్నారని నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఇంటికి వచ్చి మావారితో, నా జన్మలో మొదటి సొంత సంపాదన ఇదే అన్నాను. ముప్ఫై ఏళ్ల జీతం ఏమైందని ఆయన నవ్వారు.

అక్టోబరుకల్లా నోటుపుస్తకంలో నిల్వ అయిపోయింది.

దారిఖర్చు అంటే రైలు టిక్కెట్టు మాత్రమే అనుకోకండి. పెద్దాసుపత్రిలో మందులు ఉచితమే. కానీ తెల్లారి బండికి పోతే, చీటీ, క్యూ, డాక్టరు, మందుల కిటికీ ముగిసి ఇల్లు చేరేసరికి చీకటిపడుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. నడవలేనివాళ్లకు తోడు మనిషి కూలీ పోతుంది. మేమిచ్చేది ఆ కూలి డబ్బు. నా జీతంలోంచి ఇవ్వచ్చు కదా అంటారేమో. ఆ ఖాతా తెరిచిందే నా జీతంతో. కానీ ఆ ఏడు మా అమ్మాయి పెళ్లి. పదిహేడుమందికి నెలనెలా ఇవ్వడానికి నేను వెనకాడాను. లెక్క వేసుకునే వెనకాడాను. ఇందులో దాచేదేమీ లేదు.

మా వీధి చివర పూలు కట్టి అమ్మే ఒకామె ఉంది. నా జబ్బే ఆమెదీ. నాకు వేళ్లు వంకరపోతే గుమాస్తా నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. ఆమెకు వేళ్లు వంకరపోతే మూర కట్టడం ఆగిపోతుంది. నవంబరు, డిసెంబరు ఆమె చెన్నై పోలేదు. మందు ఆగింది. సంక్రాంతి నాటికి కుడిచేతి ఉంగరపు వేలు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఈ జబ్బులో కీలు ఒకసారి చెడితే మందు దాన్ని వెనక్కి తేలేదు. ఆ రెండు నెలలే కారణమని నేననను. కాదని కూడా అనలేను.

ఆమె దగ్గరకు పోయి, ఎందుకో నాకే తెలియదు, అట్టముక్క కథంతా చెప్పాను. క్షమాపణ అడుగుదామనో, మెచ్చుకుంటుందనో. ఆమె మల్లెమొగ్గలు ముడివేస్తూనే విన్నది.

"నీ బొమ్మకు ఇచ్చినా, నీ వేళ్లకు ఇచ్చినా, దుడ్లు దుడ్లే గదమ్మా. నేను పోయి రావాల" అంది. తర్వాత కాసేపాగి, "అయినా నిన్ను జూసి పాపమన్నారని నీకంత రోసమైతే, నన్ను జూసి నువ్వేమనుకోని ఇస్తా ఉండావు?" అంది.

దీనికీ నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే ఆమెను చూసి నేను పాపమనే అనుకున్నాను. క్యూలో ఆమె వెనక నిలబడినప్పుడు, ఆమె చీటీ పట్టుకోలేక పళ్లతో పట్టుకోవడం చూసి ఆ ఖాతా తెరిచాను. నేనిస్తే దయ, నాకిస్తే అవమానం. ఒకే సొమ్ముకు రెండు పేర్లు. ఏ బ్యాంకులోనూ చెల్లదు. పైగా నా అభిమానానికి అయిన ఖర్చు నా ఖాతాలో రాసుకోలేదు, ఆమె ఖాతాలో రాశాను.

అలాగని ఆ పెద్దమనిషి చేసిందే సరి, అట్టముక్క మళ్లీ పెట్టేద్దాం అనడానికీ మనసొప్పలేదు. జబ్బును చూపించి బొమ్మ అమ్మితే బొమ్మకు అన్యాయం, ఇది చిన్నది. పెద్ద అన్యాయం కొన్నవాడికి. అతను దానం చేస్తున్నాడు, మనం అతనికి కొనుగోలుదారు వేషం వేస్తున్నాం. పుచ్చుకున్న కాగితాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా మీద పెడతాడు. అసలాయన అడిగిన రసీదే సరైనది. తాను చేసింది విరాళమని ఆయనకు తెలుసు, నాకే తెలియలేదు. ఇవ్వనిదల్లా నేను.

మన తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ గారికి 1975లో, ఆయన మంచం మీద ఉండగా, టెంపుల్టన్ బహుమతి వచ్చింది. ఆ సొమ్మంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. తిరుత్తణికి ఇచ్చుంటే బాగుండేదని మావారు ఇప్పటికీ సణుగుతారు. నేను అది కాదు చూసేది. బహుమతి ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు, ఎవరికి పోయిందో అందరికీ తెలుసు, మధ్యలో చిక్కు లేదు.

2024 ఉగాదికి మేనకోడలిని కూర్చోబెట్టి రెండు పద్దులు చేశాను. గోడమీద బొమ్మలు, ఒక్కొక్కటి ఐదువందలు. పక్కన జబ్బు మాట లేదు. ద్వారం దగ్గర వేరే బల్ల, దానిమీద తాళం వేసిన డబ్బా. దానిమీద మాత్రం ఉన్నదున్నట్టు రాయించాను: ఏ జబ్బు, ఎంతమంది, ఒక్క ప్రయాణానికి ఎంత కూలి పోతుంది, ఆ పదిహేడుమందిలాగే లెక్క రాసేదానికీ అదే జబ్బు అని. ఆ చివరి మాట రాయించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

బొమ్మలు ఆరు పోయాయి. 3,000. డబ్బాలో 19,740 ఉన్నాయి. మొదటి ఏడు వచ్చినదాంట్లో ఇది అరవై పాళ్లు కూడా కాదు. అంటే కొంతమంది వస్తువు చేతిలో పెడితే గాని ఇవ్వరన్నమాట. వాళ్ల డబ్బు నేను పోగొట్టాను. దీనికి నా దగ్గర సమాధానం లేదు. తక్కువపడ్డది ఈసారి నా పద్దులో రాసుకున్నాను, నెలకింత అని జీతంలోంచి పట్టుకునే ఏర్పాటు చేశాను. ఆ 80జి పెద్దమనిషి మళ్లీ వచ్చారు. డబ్బాలో వేశారు. రసీదు అడగలేదు. బొమ్మలవైపు కూడా వెళ్లలేదు, నాకది కొంచెం కష్టంగానే తోచింది.

మిగిలిన బొమ్మల్లో కనకమ్మ సత్రం కూడలిది ఒకటి పూలామెకు చూపిద్దామని తీసుకెళ్లాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసింది.

"బస్టాండు బాగుండాది. ఈ చింతమానేందమ్మా ఈడ? రోడ్డు పెద్దది చేసినప్పుడు కొట్టేసినారు గదా."

"నా చిన్నప్పుడు ఉండేది" అన్నాను.

"అట్లయితే కిందుండే కారు తీసెయ్యి" అంది. తీసెయ్యడానికి అది నీటిరంగు. ఇంకోటి వేస్తున్నాను.